దవావోకి వెళ్తున్న అమ్మాయికి: ముందు బిసాయా, తర్వాతే తగాలోగ్

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. ఫిలిప్పీన్స్‌లోని దవావోలో మెడిసిన్ సీటు ఖాయమైందని మీ నాన్న చెప్పాడు, చాలా సంతోషం. అక్కడ చదువంతా ఇంగ్లీషులోనే, భాషతో ఇబ్బందేమీ ఉండదని ఏజెంటు నీకు చెప్పే ఉంటాడు. తరగతి గది గుమ్మం వరకూ అది నిజమే. లెక్చర్లు, పుస్తకాలు, పరీక్షలు, కేస్ షీట్లు అన్నీ ఇంగ్లీషే. క్లినికల్ ఏడాదిలో వార్డులోకి అడుగు పెట్టిన రోజు నుంచి లెక్క మారిపోతుంది. కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న ముసలావిడ ఇంగ్లీషులో చెప్పుకోలేదు. ఆవిడ చెప్పింది నీకు అర్థం కాకపోతే పక్కనున్న నర్సును బతిమాలాలి. నర్సు ఆవిడ చెప్పిన నాలుగు ముక్కల్లో ఒకటి మాత్రమే నీకు అందిస్తుంది. హిస్టరీ తీయడం, అంటే రోగిని అడిగి జబ్బు సంగతి రాబట్టడం, రాని డాక్టరుగా నువ్వు బయటికి రావడం నాకు ఇష్టం లేదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు ఏ భాష అన్నది తేల్చుకో. ఫిలిప్పీన్స్ జాతీయ భాష ఫిలిపినో. దానికి పునాది మనీలా చుట్టుపక్కల మాట్లాడే తగాలోగ్. 1937లో అధ్యక్షుడు కెసోన్ తగాలోగ్‌ను పునాదిగా ప్రకటించాడు, 1987 రాజ్యాంగం ఫిలిపినోను, ఇంగ్లీషును అధికార భాషలుగా పెట్టింది. టీవీ, సినిమా, బడిపుస్తకం వల్ల దేశమంతా తగాలోగ్ అర్థమవుతుంది. కానీ దవావో ఉన్నది మిందనావో దీవిలో. అక్కడి జనంలో ఎక్కువమంది సెబూ, బోహోల్ లాంటి విసాయాస్ దీవుల నుంచి వలస వచ్చి స్థిరపడిన కుటుంబాలవాళ్ళు. ఇంట్లో, బజార్లో, మంచం పక్కన వాళ్ళు మాట్లాడేది సెబువానో. వాళ్ళు దాన్ని బిసాయా అనే అంటారు. నువ్వు తగాలోగ్‌లో అడిగితే తగాలోగ్‌లోనే జవాబిస్తారు, మర్యాదస్థులు. కానీ రోగి కూతురు పక్కకు తిరిగి అన్నతో "అమ్మ పొద్దుటి మందు మింగలేదు" అని చెప్పేది బిసాయాలోనే. నీకు కావాల్సిన మాట అదే.

కాబట్టి నీకు బిసాయా ముందు. సెబూ, బోహోల్, తూర్పు నెగ్రోస్, కగయాన్ దె ఓరో వెళ్ళేవాళ్ళకీ అంతే. మనీలా, బులకాన్, లగూనా, బతంగాస్ వైపు వెళ్ళేవాళ్ళు తగాలోగ్‌తో మొదలుపెట్టాలి. ఇలోయిలో, బకోలోద్ వెళ్తున్న నీ స్నేహితులెవరైనా ఉంటే ఈ ఉత్తరాన్ని నమ్ముకోవద్దను. అక్కడ హిలిగైనోన్ మాట్లాడతారు, అది మూడో భాష.

రెండూ ఒకేసారి మొదలుపెట్టకు. రెండూ ఒక కుటుంబంవే, సగం మాటలు కలుస్తాయి. ప్రమాదం కలవని సగంలో కాదు, పైకి ఒకేలా ఉండి అర్థం మారిపోయిన మాటల్లో ఉంది. "గమొత్" తగాలోగ్‌లో మందు, బిసాయాలో చెట్టు వేరు. బిసాయాలో మందు "తంబల్". "ప’ఆ" తగాలోగ్‌లో పాదం, బిసాయాలో తొడ. బిసాయా ముసలాయన "సకిత్ అకొఙ్ ప’ఆ" అంటే నువ్వు పాదం పట్టుకుని వెతుకుతూ కూర్చుంటావు. "హిలో" తగాలోగ్‌లో కళ్ళు తిరగడం, బిసాయాలో విషం. కళ్ళు తిరగడానికి బిసాయా మాట "లీపొఙ్". "కమొత్" తగాలోగ్‌లో గోక్కోవడం, బిసాయాలో చెయ్యి. "కతొల్" బిసాయాలో దురద, తగాలోగ్‌లో దోమల చుట్ట. "హిలొమ్" అంటే తగాలోగ్‌లో గాయం మానడం, బిసాయాలో నిశ్శబ్దం. "గిన్‌హావా" తగాలోగ్‌లో హాయి, బిసాయాలో ఊపిరి. ఇంకొకటి మొహమాటం లేకుండా చెప్తున్నాను: బిసాయాలో "నగ్‌లీబొగ్ కో" అంటే నాకు గందరగోళంగా ఉందని. అదే మాట మనీలాలో అంటే కామం అని వినిపిస్తుంది. బిసాయా నోట్లో కుదురుకోవడానికి కనీసం ఆరు నెలలు ఇచ్చి, ఆ తర్వాత తగాలోగ్ పట్టుకుంటే ఈ జంటల్ని జంటలుగానే గుర్తుపెట్టుకోవచ్చు. ముందే కలిపితే ఏది ఎక్కడిదో జీవితాంతం తడబాటే.

సంస్కృతం నుంచి వెళ్ళిన మాటలు కనిపించి మనవాళ్ళని మురిపిస్తాయి. తగాలోగ్‌లో "గురో" అంటే ఉపాధ్యాయుడు, "దివాత’" అంటే దేవత, "ఆసా" అంటే ఆశ. ఆ మురిపెంతో బిసాయాలోకి వస్తే "గురో" అంటే "కాబోలు", "ఆసా" అంటే "ఎక్కడ". తెలిసిన మాటలా ఉన్న ప్రతిదాన్నీ ఒకసారి అనుమానించు.

ఇక ఎంత సమయం పడుతుందన్నది. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు తగాలోగ్ నేర్పడానికి 44 వారాలు, 1,100 తరగతి గంటలు లెక్క వేస్తుంది. అది ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు పూర్తి వృత్తి స్థాయికి చేరడానికి. నీకు ముందుగా కావాల్సింది హిస్టరీ తీయడం, పరీక్ష చేస్తూ ఏం చేయాలో చెప్పడం, మందు వివరించడం, ఇంటివాళ్ళ మాట వినడం. దానికి 12 వారాలు, వారానికి ఐదు రోజులు, రోజుకు నాలుగు గంటలు, అంటే 240 గంటల తరగతి చాలు. దానికి తోడు రోజూ రెండు గంటలు వీధిలో వాడకం ఉండాలి. క్లినికల్ ఏడాదికి ముందు వచ్చే పొడుగు సెలవుల్లో ఇంటికి రాకుండా ఇది పెట్టుకో. అన్ని వారాలు ఒక్కసారే దొరక్కపోతే రెండు సెలవులుగా విడగొట్టు. మధ్యలో వారానికి మూడు రోజులు గంటసేపైనా నడవాలి, లేదంటే రెండో విడతలో మొదటి మూడు వారాలు పాతది తవ్వుకోవడానికే పోతాయి.

మొదటి వారం నోరు, చెవి తప్ప ఇంకేం పెట్టుకోకు. తెలుగువాళ్ళకి ఇక్కడ పెద్ద సదుపాయం ఉంది, దాన్ని ఇంగ్లీషు అక్షరాలతో పాడు చేసుకుంటాం. వాళ్ళు రాసే లిపి రోమన్ లిపి కాబట్టి "టి" కనిపించగానే మనం ఇంగ్లీషు అలవాటులో ట అంటాం. వాళ్ళ పలుకు త. "డి" కూడా ద. నీళ్ళు తుబిగ్, టుబిగ్ కాదు. క, ప, త లకు ఒత్తు గాలి ఉండదు, అది మనకు పుట్టుకతో వచ్చిందే. నీ నోట్సు తెలుగు లిపిలో రాసుకో, ఉచ్చారణ మూడొంతులు సరిగ్గా పడుతుంది. పక్కన వాళ్ళ వర్తనితో రాసుకో, ఎందుకంటే మెసేజీలు చదవాలి కదా.

మన లిపి ఇంకొక చోట ఆదుకుంటుంది. ఙ అక్షరం వాఙ్మయంలో తప్ప మనకెక్కడా పనికి రాదు, అక్కడ మాట మొదట్లోనే వస్తుంది. పన్ను ఙిపొన్, పేరు ఙాలన్, నోరు తెరవమనడానికి ఙఙా. మనవాళ్ళు దీన్ని "నగ", "ఙ్గ" అని గ కలిపి పలుకుతారు. గ రాకూడదు. "రంగు" అను, గు దగ్గరికి రాకముందే ఆగు, ఆ ముక్కు ధ్వనిని అలాగే పట్టుకుని ఆ కలుపు. అద్దం ముందు రోజుకు పది నిమిషాలు, వారంలో వస్తుంది.

తెలుగువాళ్ళ అసలు జబ్బు మాట చివర ఉకారం తగిలించడం. తంబల్‌ను తంబలు, సలామత్‌ను సలామతు అంటాం. వాళ్ళ చివరి హల్లు నోట్లోనే ఆగిపోతుంది, బయటికి వదలరు. ఈ ఉకారం వదిలించుకోకపోతే చిన్నచిన్న ప్రత్యయాలు ఎక్కడ తెగుతున్నాయో విన్నవాళ్ళకి తెలీదు. దీనికి తోడు గొంతు ఆపు ఉంది, అచ్చు తర్వాత గొంతు టక్కున మూసుకోవడం. వాళ్ళ మామూలు రాతలో అది కనపడదు. తగాలోగ్‌లో "బాగ" అంటే నిప్పు కణిక, "బాగ’" అంటే ఊపిరితిత్తి. "సూక" వాంతి, "సూక’" వెనిగర్. నొక్కి పలికే చోట అచ్చు సాగుతుంది కాబట్టి మన దీర్ఘం గుర్తు దానికి సరిగ్గా సరిపోతుంది. గొంతు ఆపుకి నేను పెట్టినట్టే ఒక గీత పెట్టుకో. తలకట్టు, దీర్ఘం, గీత మూడూ లేకుండా రాసుకున్న మాట నోట్సులో ఉన్నా లేనట్టే.

రెండో వారం నుంచి ఐదో వారం దాకా క్రియ. పిల్లలు ఓడిపోయేది ఇక్కడే. కారణం తెలిస్తే ఓడిపోవు. తెలుగులో ఎవరు చేశారు, దేన్ని చేశారు, ఎవరికి చేశారు అన్నది నామవాచకం మీద ని, కి, తో పెట్టి చెప్తాం. వాళ్ళు ఆ పని క్రియ మీద చేస్తారు. వాక్యంలో ఒక నామవాచకాన్ని "అఙ్"తో ముందుకు తీసుకొస్తారు, అది ఏ పాత్రలో ఉందో క్రియ రూపం చెప్తుంది. కొనడం అనే ధాతువు "పలిత్" తీసుకుందాం.

"మొపలిత్ కో ఒగ్ తంబల్" అంటే నేను మందు కొంటాను; ఏ మందైనా కావచ్చు, దృష్టి నా మీద. "పలితొన్ నాకో అఙ్ తంబల్" అంటే ఆ మందు నేను కొంటాను. దృష్టి మందు మీద. "పలితన్ నాకో సియా ఒగ్ తంబల్" అంటే అతనికి మందు కొనిపెడతాను. దృష్టి అతని మీద. "ఇపలిత్ నాకో ఒగ్ తంబల్ అఙ్ క్వార్తా" అంటే ఆ డబ్బుతో మందు కొంటాను. దృష్టి డబ్బు మీద. చూశావా, మొదటి వాక్యంలో నేను "కో"గా ఉన్నాను, తర్వాతి మూడింట్లో "నాకో" అయ్యాను. దృష్టి నీ మీద నుంచి పోగానే సర్వనామం మారాలి. "పలితొన్ కో" అన్నావంటే విన్నవాడు నిన్నే కొంటారేమో అని ఒక్క క్షణం ఆగుతాడు.

వీటికి కాలం చేర్చు. జరిగిపోయినది మిపలిత్ లేదా నిపలిత్, జరుగుతున్నది నగ్‌పలిత్, జరగబోయేది మొపలిత్. వస్తువు మీద దృష్టి ఉంటే జరిగిపోయినది గిపలిత్, జరగబోయేది పలితొన్. వార్డులో ఇది ప్రాణం మీది సంగతి. తాగడం "ఇనొమ్". మందు మింగడానికీ ఇదే మాట. "ఉన్సా ఇమొఙ్ గిఇనొమ్?" అంటే నువ్వేం మింగావు. "ఉన్సా ఇమొఙ్ ఇమ్నొన్?" అంటే నువ్వేం మింగబోతున్నావు. ఒకటి విషం మింగిన కేసులో అడిగే ప్రశ్న, రెండోది ఇంటికి పంపేటప్పుడు అడిగేది.

క్రియల్ని పట్టికలుగా బట్టీ కొట్టకు. పట్టిక పరీక్షలో గుర్తొస్తుంది, నోటికి రాదు. ఒక ధాతువు తీసుకుని ఎనిమిది వాక్యాలు తయారు చేసి టీచరు చేత ఫోనులో చదివించుకో. టీచరు ధాతువు, ఎవరు, ఎప్పుడు అని మూడు మాటలు విసరాలి, నువ్వు మూడు సెకన్లలో వాక్యం చెప్పాలి. రోజుకు నాలుగు ధాతువులు చాలు. నాలుగు వారాల్లో ఎనభై అవుతాయి, వార్డు పనికి కావాల్సినవన్నీ దాదాపు అందులోకి వస్తాయి. వాక్యంలో క్రియ ముందు రావడం మనకు తలకిందులు. మనం చివరిదాకా క్రియను దాచుకుంటాం. అందుకని కర్త చెప్పి ఆగిపోయే అలవాటు పడుతుంది. ఏ వాక్యమైనా క్రియతోనే నోరు తెరవాలని మొదటి నెల ఒక నియమం పెట్టుకో.

లేదు, కాదు, వద్దు దగ్గర మాత్రం నువ్వు ఇంగ్లీషులో ఆలోచిస్తే చెడిపోతావు, తెలుగులో ఆలోచిస్తే గట్టెక్కుతావు. "దిలీ కో మొఅద్తో" నేను వెళ్ళను. "వలా కో మొఅద్తో" నేను వెళ్ళలేదు. "అయావ్ ఒగ్ అద్తో" వెళ్ళొద్దు. మన మూడింటికి వాళ్ళ మూడు. కాకపోతే వలా, అయావ్ తర్వాత వస్తువు మీద దృష్టి ఉన్న క్రియ చివర "ఒన్" పోయి "ఆ" వస్తుంది: పలితొన్ కాస్తా "అయావ్ పలితా" అవుతుంది. ఆ "ఆ" రూపమే మామూలు ఆజ్ఞకు కూడా: "ఇమ్నా నీ" అంటే ఇది మింగు. మేము, మనం తేడా కూడా మనకు ఉచితంగా వచ్చేదే. బిసాయాలో మేము "కమీ", మనం "కితా". తగాలోగ్‌లో మనం "తాయో", అక్కడ "కితా" అంటే "నేను నిన్ను" అని. ఇంగ్లీషు వాళ్ళు నెలల తరబడి కొట్టుకునే చోటు ఇది.

మన "అట"కు వాళ్ళ దగ్గర "కూనో" ఉంది, "దావ్" అని కూడా అంటారు. దీన్ని వదలకు. "నహూలొగ్ సియా" పడ్డాడు. "నహూలొగ్ కూనో సియా" పడ్డాడట. రెండోది చెప్పిన మనిషి కళ్ళారా చూడలేదు. తలకు దెబ్బ తగిలిన కేసులో ఎవరు చూశారు, ఎవరు విన్నారు అన్నది హిస్టరీలో ఎంత ముఖ్యమో నీకు పాఠంలో చెప్తారు. వినే చెవి మాత్రం నీకు తెలుగు ఇచ్చింది.

మర్యాద సంగతి. తగాలోగ్‌లో "పో" ఉంది, మన "అండీ" లాగే ప్రతి వాక్యంలో పడుతుంది. "మీరు"కి "కాయో". బిసాయాలో పో లేదు. లేదని మొరటుగా ఉండమని కాదు, అక్కడ మర్యాదంతా వరసల్లో ఉంది. తల్లి వయసువాళ్ళని "నై", తండ్రి వయసువాళ్ళని "తై", కొంచెం పెద్దవాళ్ళని "నొఙ్", "నఙ్" లేదా "కూయా", "ఆతె", తాత అమ్మమ్మలను "లో", "లా", నీకన్నా చిన్నవాళ్ళని "దొఙ్", "దై". పడుకోమనాలంటే ఉత్త "హిగ్దా" అనకు. "హిగ్దా సా, నై" అను. ఆ చిన్న "సా" మన "కాస్త" లాంటిది, ఆజ్ఞ పదును తీసేస్తుంది. ఏ మాటైనా వరసతో ముగించడం అలవాటు చేసుకుంటే సగం తప్పులు వాళ్ళే క్షమిస్తారు.

అంకెల్లో రెండు వరసలు ఉన్నాయి. సొంత అంకెలు ఉసా, దుహా, తులో, ఉపత్, లిమా, ఉనొమ్, పితో, వలో, సియమ్, నపూలో. స్పానిష్‌వి ఉనో, దోస్, త్రెస్ అని సాగుతాయి. గడియారం, డబ్బు, వయసు ఎక్కువగా స్పానిష్‌లో చెప్తారు. మాత్రలు, సార్లు సొంత అంకెల్లో లెక్కపెడతారు. "అలాస్ ఓత్సో" అంటే ఎనిమిది గంటలకు, "వలో కా ఓరాస్" అంటే ఎనిమిది గంటల సేపు. మందు చీటీ చదివి చెప్పేటప్పుడు ఈ రెంటినీ తారుమారు చేస్తే ఎనిమిది గంటలకోసారి వేయాల్సిన మందు పొద్దున ఎనిమిదింటికి ఒక్కసారే వేసుకుంటారు. ఒకటి నుంచి ముప్పై దాకా రెండు వరసలూ నిద్రలో లేపి అడిగినా రావాలి.

ఆరో వారం నుంచి శరీరం, నొప్పి, ఇల్లు. అవయవాల పేర్లు వారంలో వస్తాయి, నొప్పుల పేర్లకు ఎక్కువ సమయం ఇవ్వు. సకిత్ అనే ఒక్క మాటతో కొట్టుకురావద్దు. సలుపుకి "ఙుత్‌ఙొత్", మంటకి "హప్‌దొస్", తిమ్మిరికి "బిన్‌హొద్", దురదకి "కతొల్", తలనొప్పికి "లాబద్". జ్వరం "హిలానత్", విరేచనాలు "కలిబాఙా", ఆయాసం రోగం "హూబక్". రోగి వాడిన మాటనే కేస్ షీటు పక్కన తెలుగులో రాసుకో, తర్వాత ఇంగ్లీషులోకి మార్చు. మనకు సలుపు వేరు, పోటు వేరు, మంట వేరు కాబట్టి ఇంగ్లీషు "పెయిన్" కన్నా తెలుగు దారిన వెళ్తే అర్థం చెడదు.

జనం నమ్మే జబ్బులు కొన్ని ఉన్నాయి, అవి మీ పాఠ్యపుస్తకంలో ఉండవు. ఒళ్ళంతా గాలి పట్టేసిందంటే "పనూహొత్", మన వాతం పట్టడం లాంటి మాట. బాలింత తొందరగా పనికి లేచి మళ్ళీ జబ్బు పడితే "బుగ్‌హత్", తగాలోగ్‌లో "బీనత్". పిల్లకు దిష్టి తగిలితే "బూయగ్", తగాలోగ్‌లో "ఊసొగ్". వేడి ఒంటి మీద చన్నీళ్ళు పడితేనో, ఆకలి పట్టున ఉంటేనో "పాస్మో". ఇవి విని నవ్వకు, తీసిపారేయకు. పనూహొత్ అన్నాడంటే ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎవరి దగ్గర ఒళ్ళు పట్టించుకున్నాడో అడుగు. హీలొత్ (ఒళ్ళు పట్టే నాటు వైద్యం) చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చిన సంగతి అప్పుడే బయటపడుతుంది. ఇంకోవైపు బీపీకి వాళ్ళు వాడేది ఇంగ్లీషు మాటే, "హైబ్లడ్ కో" అంటారు. దానికి అచ్చ బిసాయా మాట వెతుక్కుంటూ కూర్చోవద్దు.

రోగి "ఓ’ఓ, డాక్" అన్నంత మాత్రాన అర్థమైందని అనుకోకు. సిగ్గుతో, నీ మీద గౌరవంతో అంటారు. మందు చెప్పాక "ఉన్సాఒన్ నీమో పగ్‌ఇనొమ్ ఆనీ, నై?" అని అడుగు, దీన్ని ఎలా వేసుకుంటావమ్మా అని. వాళ్ళ నోటితో చెప్పించు. కనుబొమ్మలు పైకి ఎత్తారంటే అది అవును. జవాబు రాలేదని మళ్ళీ అదే ప్రశ్న అడిగి విసిగించకు. దారి చూపించడానికి పెదవులు ముందుకు చాపుతారు. నువ్వు మాత్రం మన అలవాటు ప్రకారం తల అడ్డంగా ఊపితే వాళ్ళకది కాదు అనే అర్థం అవుతుంది. వార్డులో తల ఊపడం మానేసి నోటితో చెప్పు.

టీచరును ఎంచుకునేటప్పుడు ఆ భాష మాట్లాడేవాళ్ళయితే చాలని అనుకోకు. రెండు గంటలు ట్రయల్ క్లాసు అడుగు. అందులో ఇంగ్లీషు ఎంత వాడారో గమనించు, పావు వంతు దాటితే వద్దు. "మొ", "మి" తేడా అడుగు. "అది అంతే, అలా అంటాం" అంటే కబుర్లకు బాగుంటారు గానీ మొదటి ఐదు వారాలకు పనికిరారు. తరగతిలో నలుగురికి మించకూడదు, అందులో తెలుగువాళ్ళు నువ్వు కాక ఒక్కరే ఉండాలి. వ్యాకరణానికి ఒకరు, మాటలకు వేరొకరు ఉంటే మంచిది. ఒకే గొంతు వింటే ఆ గొంతే అర్థమవుతుంది. తొమ్మిదో వారం నుంచి బరంగై (మన పేట లాంటిది) ఆరోగ్య కేంద్రంలో పనిచేసే ఆరోగ్య కార్యకర్తను గానీ, మంత్రసానిని గానీ వారానికి రెండుసార్లు రోగిగా నటించమని అడిగి, గంటకు తగిన డబ్బు ఇవ్వు. జనం ఎలా చెప్పుకుంటారో వాళ్ళకన్నా తెలిసినవాళ్ళు లేరు. టీచర్ల గొంతు రికార్డు చేసుకో. రోగి గొంతు మాత్రం ఎప్పుడూ వద్దు. ఆ దేశంలో 2012 నాటి వ్యక్తిగత సమాచార చట్టం ఉంది, చట్టం లేకపోయినా అది తప్పే.

పుస్తకాల మాటకొస్తే, జాన్ వుల్ఫ్ 1972లో తెచ్చిన సెబువానో నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, దాన్ని మించింది లేదు. అందులో వెతకడానికి రెండు కిటుకులు. అది అ, ఇ, ఉ మూడే అచ్చులతో రాస్తుంది, కాబట్టి ఒ ఉన్నచోట ఉ, ఎ ఉన్నచోట ఇ పెట్టి వెతకాలి. రెండోది, మాటలు ధాతువు కింద ఉంటాయి. ఇమ్నొన్ కావాలంటే ఇనుమ్ దగ్గరికి వెళ్ళాలి. చదవడానికి బడిపిల్లల పుస్తకాలు పట్టుకో. 2012 నుంచి కొన్నేళ్ళు మూడో తరగతి దాకా మాతృభాషలో చెప్పారు. 2024లో ఆ తప్పనిసరి తీసేసినా పుస్తకాలు ఉన్నాయి. వాటి పేరులో "సినుగ్‌బువానొఙ్ బినిసాయా" అని చూసి తెచ్చుకో. అవయితే వీధి భాష కన్నా కాస్త గ్రాంథికం, అందులో మాట బజార్లో వినపడకపోతే కంగారు పడకు. ఎనిమిదో వారానికి బొంబో రేడియో వార్తలు రోజూ పదిహేను నిమిషాలు విను. మొదట ఊళ్ళ పేర్లు, అంకెలు మాత్రమే అందుతాయి, అది చాలు.

సెబూ నగరం వాళ్ళు మాట మధ్యలో ల మింగేస్తారు: వలా కాస్తా "వా" అవుతుంది, బలై "బై" అవుతుంది. బోహోల్ వాళ్ళు య బదులు జ అంటారు, "మాఆయో"ను "మాఆజో" అని. దవావోలో తగాలోగ్ మాటలు కలిపేస్తారు. నీ నోటికి టీచరు చెప్పిన రూపమే పెట్టుకో, చెవికి మాత్రం ఇవన్నీ అలవాటు చెయ్యి.

ఇన్ని చెప్పినా నీ పెద్ద శత్రువు హాస్టలు. దవావోలో మన పిల్లలు వందలమంది, మెస్సులో పప్పు, చారు, చుట్టూ తెలుగు. అందులో సుఖం ఉంది, కాదనను. కానీ ఆ పన్నెండు వారాలు మాత్రం ఫిలిపినో కుటుంబం నడిపే బోర్డింగ్ హౌస్‌లో ఉండు. పొద్దున వంటింట్లో వాళ్ళావిడ పక్కన అరగంట నిలబడితే ఎన్ని క్రియలు చెవిన పడతాయో చూడు. అన్నానికి "కన్’ఒన్", బియ్యానికి "బుగాస్", వరికి "హుమై", మనలాగే మూడు వేరు మాటలు. బంకెరోహాన్ బజారుకి నువ్వే వెళ్ళి "తగ్‌పిలా?" అని ధర అడుగు. జీప్నీ (అక్కడి షేర్ బండి) ఆపమనడానికి "లుగార్ లఙ్" అను, తగాలోగ్‌లో అయితే "పారా పో". నిన్ను చూడగానే అందరూ ఇంగ్లీషులోకి మారిపోతారు, అది వాళ్ళ మర్యాద. "బినిసాయా లఙ్, పలిహొగ్" అని నవ్వుతూ అడుగు, బిసాయాలోనే మాట్లాడండి అని. "హినై-హినై లఙ్", మెల్లగా. "బలికా, పలిహొగ్", మళ్ళీ చెప్పండి. "ఉన్సై బినిసాయా ఆనీ?", దీన్ని బిసాయాలో ఏమంటారు. విమానం ఎక్కే ముందే ఈ నాలుగూ నోటికి వచ్చి ఉండాలి.

నేర్చుకున్నవి మళ్ళీ మళ్ళీ తిరగేయించే అంకి లాంటి యాప్ వాడుకో. ఒంటరి మాటలు కాకుండా పూర్తి వాక్యాలు, టీచరు గొంతుతో సహా, రోజుకు పదిహేనుకు మించకుండా పెట్టు. ముప్పై పెడితే మూడో వారానికి తిరగేయాల్సినవే రెండొందలు దాటి, మొత్తం వదిలేస్తావు. నాలుగో వారంలో ఒకటి జరుగుతుంది, ముందే చెప్తున్నాను: మాటలు చాలా వచ్చి ఉంటాయి, నోట్లోంచి ఒక్క వాక్యం సరిగ్గా రాదు. ప్రత్యయాలన్నీ ఒకేసారి మెదడులో సర్దుకునే దశ అది. ఆ వారం కొత్త ధాతువులు ఆపేసి పాత ధాతువులతోనే ఉండు, తరగతి మాత్రం మానకు.

తగాలోగ్‌కి వచ్చాక నీకు 12 వారాలు అక్కర్లేదు. రోజుకు రెండు గంటలతో ఎనిమిది వారాలు పెట్టుకో. బిసాయా నుంచి వెళ్ళేవాళ్ళు తప్పేది ఒక్కచోటే: తగాలోగ్ జరుగుతున్నదానికి, జరగబోయేదానికి ధాతువు మొదటి అక్షరాన్ని రెట్టిస్తుంది. కొన్నాడు "బుమిలి", కొంటున్నాడు "బుమిబిలి", కొంటాడు "బిబిలి". బిసాయాలో ఈ రెట్టింపు లేదు కాబట్టి నాలుక దాన్ని ఎగరగొడుతుంది. వస్తువు మీద దృష్టి ఉన్న రూపాల్లోనూ అంతే: బినిలి, బినిబిలి, బిబిల్హిన్. ముందుగా ఈ ఆరూ పట్టు. తర్వాత వార్డులో అడిగే ప్రశ్నలు పో తో కలిపి నేర్చుకో: "సాఆన్ పో అఙ్ మసకిత్?" ఎక్కడండీ నొప్పి. "కైలన్ పా పో నగ్‌సిములా?" ఎప్పటి నుంచండీ. "హుమిఙా పో కాయో నఙ్ మలాలిమ్", గట్టిగా ఊపిరి పీల్చండి. "మై ఇనిఇనొమ్ పో బా కాయొఙ్ గమొత్?" ఏమైనా మందులు వాడుతున్నారా అండీ. ఈ చివరి వాక్యంలో "ఇనిఇనొమ్" దగ్గర ఆగి, ఆ రెట్టింపు ఎక్కడ వచ్చిందో చూపించి నాకు జవాబు రాయి.

ఉంటాను తల్లీ,
మీ పెద్దనాన్న